కొండమీది కాంపు కచేరీ

రోహిణీకార్తెలో రోళ్లు పగులునన్న సామెత ఇంటింట రోళ్లున్న కాలమున పుట్టినది; ఇప్పుడు రోళ్లు లేవు గావున ఆ పగులవలసిన భారమంతయు దాంపత్యములపై పడినది. రెంటచింతల, రామగుండము, విజయవాడ మొదలైన పుణ్యస్థలములలో మే మాసపు గోడలు అర్ధరాత్రము దాటినను వేడి విడువవు. కరెంటున్నంతసేపు ఏసీ రిమోటు కొఱకును, లేనప్పుడు కిటికీ ప్రక్క చోటు కొఱకును ఆలుమగల నడుమ ధర్మయుద్ధము సాగుచుండును. సంధిప్రయత్నముగా ఎవరో యొకరు ఊటీ పేరెత్తుదురు. "నాలుగు రోజులు ఎక్కడికైనా చల్లగా వెళ్లొద్దామండీ, మనిద్దరమే" అని ఆమె యనుటయు, "సరే, ఆఫీసులో సెలవడుగుతాను" అని ఆయన తలయూచుటయు జరిగిన క్షణముననే మూడవ మనిషి ప్రయాణము గూడ నిశ్చయమగుచున్నది. ఆ మూడవ మనిషి సంసారము. దానికి టిక్కెట్టు అక్కఱలేదు. లగేజీ యంతయు దానిదే.

వేసవికి కొండలెక్కుట మన పెద్దల ఆచారము కాదు. మనవారు కొండనెక్కిన తపస్సునకో మ్రొక్కుబడికో యెక్కిరి; కొండమీద మనకు పరంపరగా తెలిసిన కార్యక్రమము గుండు చేయించుకొనుట. కేవలము చూచి వత్తమను వేడుకతో పర్వతమెక్కిన గృహస్థు మన ప్రబంధములలో నాకు తెలిసి ప్రవరుడొక్కడు. ఇల్లాలిని అరుణాస్పదపురమున విడిచి, సిద్ధుడిచ్చిన పాదలేపమును పూసికొని, హిమాలయమునకు తానొక్కడే పోయినాడు; మంచునకు లేపము కరగిపోగా తిరుగుదారి లేక, నిత్యకర్మలకు వేళ మించిపోవుచున్నదని తల్లడిల్లినాడు; అంతలో వరూధిని కంటబడినది. అల్లసాని పెద్దన మనుచరిత్రమును ఏ యుద్దేశముతో రచించెనో గాని, తెలుగు ఇల్లాండ్రు దానినుండి గ్రహింపవలసినది గ్రహించిరి: భర్తను కొండకు ఒంటరిగా పంపరాదు. అందుచే నేటి ప్రవరుడు సతీసమేతుడై పోవుచున్నాడు. అతని అగ్నిహోత్రము మాత్రము లాప్‌టాప్ రూపమున భుజాన వ్రేలాడుచు, కొండమీద గూడ ఆఱక రగులుచునే యున్నది.

కొండగాలి వ్యసనమును మనకు నేర్పినవారు కవులు కారు, కలెక్టర్లు. కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ 1819లో నీలగిరులనెక్కి, అచ్చటి చలికి ముగ్ధుడై, రాతియిల్లు కట్టించి, 1823-25 సంవత్సరముల నడుమ లోయలోని నీటికి అడ్డుకట్ట వేయించి సరస్సును నిర్మింపజేసెను. ఆయన ఊటీని కనుగొనెనని పుస్తకములలో వ్రాసియుందురు. తోడాలు తరతరములుగా అచ్చటనే తమ ఎనుములను మేపుకొనుచుండిరి గాని, వారు దానిని పోగొట్టుకొని యుండలేదు గావున ఒకరు వచ్చి కనుగొనవలసిన యవసరము వారికి తోచియుండదు. కొడైకెనాలు సరస్సు 1863లో లెవింజ్ అను మధుర కలెక్టరు పూనికచే ఏర్పడినది. మన కడప కలెక్టరు హార్స్‌లీ మదనపల్లె చేరువ ఏనుగు మల్లమ్మ కొండమీద వేసవి విడిది కట్టుకొనగా, మల్లమ్మ పేరు దీపమువలె కొండెక్కి, దొరగారి పేరు కొండపై నిలిచినది. మనము ప్రకృతి సౌందర్యమని కన్నులరమోడ్చి చూచునది చాలవఱకు రెవిన్యూ శాఖవారి కట్టుబడి యన్నమాట.

ఆ పిదప మద్రాసు ప్రభుత్వమే యేటేట వేసవికి ఊటీ చేరజొచ్చినది. గవర్నరొక్కడు పోయిన ఎవరికిని బాధలేకపోవును. ఆయన వెంట కార్యదర్శులు, కార్యదర్శుల వెంట దస్త్రములు, దస్త్రముల వెంట గుమాస్తాలు, గుమాస్తాల వెంట జవానులు, జవానుల వెంట సిరాబుడ్లు, ఇట్లు ఒక రాజ్యాంగమంతయు మూటలుగట్టుకొని కొండయెక్కెడిది. కోస్తా, రాయలసీమ జిల్లాలు నాడు మద్రాసు రాజధానిలోనివే గనుక, నీటితీరువ భరింపలేనని గుంటూరు రైతు పెట్టుకొన్న అర్జీ గూడ ఆ వెంట కొండయెక్కి చల్లగాలి సేవింపవలసినదే. రైతు మాత్రము క్రింద ఎండలోనే యుండును. దొరలు పోయిరి. కొండకు పోవునప్పుడు క్రింది కచేరీని విప్పి, మడచి, వెంటగొనిపోయి, పైన మరల పఱచుకొనవలెనను వారి పద్ధతిని మాత్రము మన దంపతులు పొల్లుపోకుండ పాటించుచున్నారు.

మొదటి చిక్కు ఆవకాయతో వచ్చును. వేసవి సెలవులును, ముక్కల మామిడికాయయు ఒక్కసారే చేతికందుట ఆంధ్రుల జాతకములోని దోషము. ఆవకాయ పెట్టకుండ ఊరువిడిచినచో సంవత్సరమంతయు అన్నమునకు అర్థముండదు. పెట్టి పోయినచో మూడవనాడు జాడీ మూత తీసి, అడుగునుండి కలియదిప్పి, ఉప్పు చూచి, నూనె చాలకున్న పోయువారుండవలెను. ఎట్టకేలకు అత్తగారిని జాడీకి సంరక్షకురాలిగా నియమించి, అధికారము అప్పగించుటకు ఒక పూట, అనుమానములు తీర్చుటకు ఇంకొక పూట గడపుదురు. పిదప సామానులు సర్దుట. కందిపొడి, కారప్పొడి, చింతకాయ పచ్చడి, విద్యుత్తుతో అన్నము వండు గిన్నె, అది చెడిపోయినచో తినుటకు జంతికలు, జంతికలు పడకపోయినచో వేసికొనుటకు మాత్రలు, పెండ్లినాటి ఉన్నిశాలువ. ఇన్నింటి నడుమ ఆయన తన చార్జరు కొఱకు చోటడుగగా, "మీకు ఆఫీసు తప్ప వేరే ధ్యాస లేదా?" అని ఆమె జంతికల డబ్బామీద మోకాలుంచి పెట్టె మూయుచు ప్రశ్నించును.

మేట్టుపాళయము నుండి ఊటీకి పోవు కొండరైలు మార్గము 46 కిలోమీటర్లు. కూనూరు దాక 1899లోను, ఊటీ దాక 1908లోను నడచిన ఈ బండిని 2005లో యునెస్కోవారు ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించిరి. పైకెక్కుటకు సుమారైదు గంటలు పట్టును. నిట్టనిలువు భాగమున పట్టాల నడుమ పండ్లకమ్మి యుండి, ఇంజనులోని పండ్లచక్రము దానిని కఱచి పట్టుకొనుచు నడచును. అన్నిటికంటె విశేషము, ఇంజను ముందుండి లాగదు, వెనుకనుండి పెట్టెలను త్రోయును. మొదటి పెట్టెలో కూర్చుండినవారికి తామే బండిని నడుపుచున్నామను భ్రాంతి కలుగును. ఇంటి యజమానులైన పురుషులందఱు ఆ పెట్టెలో ఒకసారి ప్రయాణించుట మంచిది. కాని టిక్కెట్లు దొరకవు. చెట్టున మామిడి పిందెగా నున్నప్పుడే అవి అమ్ముడుపోవును. మన దంపతులకు ఊటీ జ్ఞప్తికి వచ్చునప్పటికి పిందె కాయయై, కాయ ముక్కయై, ముక్క జాడీలో పడియుండును.

ఇక టాక్సీయే శరణ్యము. టాక్సీకి ఈ-పాసు కావలెను. మద్రాసు హైకోర్టు ఆదేశానుసారము 2024 మే 7 నుండి ఊటీకిని కొడైకెనాలుకును పోవు బళ్లకు ఈ-పాసు విధించిరి. 2025 వేసవికి నీలగిరులలో పనిదినములందు రోజునకు ఆఱువేల బళ్లు, వారాంతములందు ఎనిమిదివేల బళ్లు అని పరిమితియు నేర్పఱచిరి. ఏకాంతమును కోరి పోవువారు ఆఱువేల బళ్లలో ఒక బండిగా పోవలెనని న్యాయస్థానమే నిర్ణయించిన పిమ్మట ఏకాంతమునకు అంతకంటె అధికారపూర్వకమైన నిర్వచన మేమి కావలెను? చెక్‌పోస్టువద్ద ప్లాస్టిక్ నీళ్ల సీసాలను తీసికొందురు, ఇది మంచిపనియే. మన పెట్టెలోని సంసారమును మాత్రము ఎవరును తనిఖీ చేయరు.

ఊటీలో నేడు బస్సులు నిలుచు తావును, గుఱ్ఱపు పందెములు జరుగుచుండిన మైదానమును ఒకప్పుడు సరస్సులోని భాగములే. అనగా సరస్సు చూడవలెనని బస్సు దిగిన జంట దిగీదిగగానే సరస్సులో నిలుచున్నదన్నమాట. ఆ సంగతి చెప్పువారు లేక, అక్కడనుండి సరస్సునకు ఆటో మాట్లాడుకొందురు. చల్లదనము సంగతియు నట్లే. 2024 ఏప్రిలులో ఊటీలో 29 డిగ్రీల వేడిమి నమోదైనది. హోటలు గదిలో కాలిడిన భర్త మొదట పైకప్పు వంక చూచి ఫ్యాను కొఱకు వెదకుటయు, భార్య శాలువను పెట్టెలోనే యుంచి దానికి పెట్టెలో పట్టిన చోటును తలచి నిట్టూర్చుటయు నేడు ఊటీలో చూడదగిన దృశ్యములలోనివి.

మఱునాడు ఉదయము నుండి పాయింట్లు. క్రింద ఉద్యోగికి మేనేజరెట్లో కొండమీద యాత్రికునికి టాక్సీడ్రైవరట్లు. ఆయన చేతిలో పట్టిక యుండును: బొటానికల్ తోట, గులాబీల తోట, దొడ్డబెట్ట, టీ తోట, కూనూరు, సాయంత్రము లోపల అన్నియు పూర్తి కావలెను. "సార్, ఇక్కడ పదిహేను నిమిషాలు చాలు" అని ఆయన యనినచో చాలును. చాలదన్నవారిని నేనింతవఱకు చూడలేదు. 1848లో నెలకొల్పిన బొటానికల్ తోటలో నాటి వృక్షములు నేటికిని తొందరలేక నిలిచియున్నవి. వాని క్రింద మనవారు పరుగెత్తుచుందురు. 2,637 మీటర్ల ఎత్తుగల దొడ్డబెట్ట శిఖరమున మంచు క్రమ్మి మూడడుగుల ముందు మనిషి కానరాకున్నను, దూరదర్శిని ముందు వరుసలో నిలిచి, రుసుము చెల్లించి, లోపల గూడ మంచునే చూచి వత్తురు. "ఏం కనిపించిందండీ?" "మబ్బు." "దగ్గరగా కనిపించిందా?" "దగ్గరగానే కనిపించింది." ఖర్చు దండుగ కాలేదని ఇరువురును సంతోషింతురు.

సాయంకాలము సరస్సులో కాలితో త్రొక్కు పడవనెక్కుదురు. దంపతుల కొఱకే పడవ చేసినవాడెవడో దాంపత్యమును బాగుగా నెఱిగినవాడు: త్రొక్కుట కిద్దఱు, దారి త్రిప్పు పిడి ఒక్కటి. కొంతసేపు అంతయు సుఖముగా సాగినది. నీలగిరి చెట్ల నీడలు నీటిలో సాగుచుండగా, ఆమె ఏదో పాత పాట కూనిరాగము తీయబోవుచుండగా ఫోను మ్రోగినది.

"అమ్మాయ్, జాడీ మూత తీశాను. ఉప్పు తగ్గినట్టుంది. ఎంత వెయ్యమంటావు?"

"అత్తయ్యగారూ, ముందు ఊట ఎంత వచ్చిందో చూడండి. పై ముక్క కాదు, అడుగు ముక్క రుచి చూడండి."

"నాకు చెబుతావేమిటే, నీ మొగుడు పుట్టకముందు నుంచీ పెడుతున్నాను."

అంతలో ఆయన ఫోను గూడ మ్రోగినది. సెలవులో నున్నవానిని విసిగించుట తనకు ఇష్టములేదనుచు మేనేజరు ఒక చిన్న ఫైలు అడుగుచున్నాడు. ఇరువురును త్రొక్కుట మానిరి. అధిపతులిద్దఱును క్రింది వ్యవహారములలో మునిగియుండుటచే పిడి పట్టువారు లేక పడవ తన చుట్టు తాను తిరుగజొచ్చెను. ఒడ్డున నున్నవాడు ఈల వేసి, సమయమైపోయినదని చేయి ఊపెను. ఉప్పు గుప్పెడని సరస్సు నడుమ నిర్ణయమైనది. ఫైలు ఒడ్డున పంపబడినది. మద్రాసు ప్రభుత్వము గూడ ఇంతకంటె వేగముగా ఉత్తరువులు జారీ చేసియుండదు.

రాత్రి ఆంధ్రభోజనము దొరకు మెస్సు వెదకికొని పోగా, అచ్చట ప్రక్కబల్లమీద తమ అపార్టుమెంటులోని రెండవ అంతస్తువారు పప్పు కలుపుకొనుచుండిరి. "మీరూ వచ్చారా!" అని వారును, "మీరెప్పుడొచ్చారు!" అని వీరును ఆశ్చర్యపడుచుండగా, చేయి కడుగుకొనుటకు పోయిన ఆయనకు కుళాయివద్ద సంఘ కార్యదర్శి ఎదురుపడెను. కోరము పూర్తియైనది. ఎండకాలమంతయు క్రింద వాయిదా పడుచు వచ్చిన నీళ్ల మోటారు మరమ్మతు తీర్మానము మజ్జిగ వడ్డించులోపల నెగ్గెను.

పైకారా సరస్సు కడ మాత్రము ఒక విపత్తు సంభవించినది. రెండు ఫోనులకును సిగ్నలు పోయినది. అత్తగారు లేరు, మేనేజరు లేడు, మోటారు లేదు. ఎదుట నీరు, వెనుక అడవి, నడుమ ఆలుమగలు. ఏమి మాటలాడుకొనవలెనో ఇరువురికిని తోచలేదు.

"నీళ్లు బాగున్నాయి కదండీ."

"బాగున్నాయి."

"మనం ఇలా వచ్చి ఎన్నాళ్లయింది?"

ఆయన లెక్క వేయుటకు వ్రేళ్లు మడచుచుండగా డ్రైవరు హారను మ్రోగించెను. పదిహేను నిమిషములైపోయినవి.

ఇల్లు చేరిన పిదప ఆడిటు జరుగును. వర్కీల పొట్లములు, చాక్లెట్లు, నీలగిరి తైలపు సీసాలు బంధుత్వపు హెచ్చుతగ్గుల ననుసరించి పంపకమగును. ఆవకాయలో ఉప్పెక్కువైనది అత్తగారి గుప్పెడు పెద్దదగుటచేతనా, కోడలి ఉత్తరువు అస్పష్టమగుటచేతనా యను విచారణ యింకను సాగుచున్నది. టాక్సీ లెక్కలో రెండువందల రూపాయల తేడా తేలలేదు. ఆయన అలసట తీర్చుకొనుటకు ఇంకొక రోజు సెలవు పెట్టి, పండుకొని, వచ్చే యేడు కొడైకెనాలు పోదమా యని విచారించుచు, అచ్చటికి పనిదినములలో నాలుగువేల బళ్లకును, వారాంతములలో ఆఱువేల బళ్లకును అనుమతి యిచ్చిరని చదివి వినిపించెను.

"అయితే ఆదివారమే వెళదామండీ," అని ఆమె వంటింటినుండి పలికినది. "రెండువేల బళ్లు ఎక్కువ పోనిస్తారు."

ఆయనకు ఆ వాదము సమంజసముగానే తోచినది.