యంత్ర జాగరణ పద్యం: టీకా తాత్పర్య విశేష సహితం

తే. నిదుర పోబోకు యంత్రమా! నీకు కాఫి
పోసితిని మూడు గంటల పొద్దు వరకు;
తెరను మూసిన నేమాయె? దేహమెల్ల
మేలుకొనియుండి ఫైలును మింగవలయు.

అవతారిక

పాత పుస్తకాల పిచ్చి ఉన్న ఒక గృహస్థు, అట్ట ఊడిన పురాణ వ్యాఖ్యానమొకటి సంపాదించి, పేజీ పేజీ ఫోటో తీశాడు. ఆ బొమ్మల్లోని తెలుగు అక్షరాలను దిద్దుకోవడానికి వీలైన పాఠంగా మార్చే పనిని టెస్సరాక్ట్ అనే ఓసీఆర్ సాఫ్ట్‌వేరుకు అప్పగించాడు. నల్లటి కమాండ్ విండోలో పేజీల పేర్లు ఒక్కో వరుసా పైకి జరుగుతుంటే కాసేపు చూసి, ఇక ఫరవాలేదని పడుకున్నాడు. పొద్దున లేచి చూస్తే పురాణం ప్రథమాశ్వాసం దాటలేదు. యజమాని కునుకు తీసిన కాసేపటికే యంత్రమూ కునుకు తీసింది. మర్నాటి రాత్రి మైక్రోసాఫ్ట్ వారు ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్ తెచ్చుకొని, అందులోని అవేక్ అనే పనిముట్టును ఆన్ చేసి, ల్యాప్‌టాప్‌ను సంబోధిస్తూ అతడు చెప్పిన పద్యమిది.

ప్రతిపదార్థం

యంత్రమా = ఓ విండోస్ ల్యాప్‌టాపా!; నిదుర పోబోకు = స్లీప్‌లోకి వెళ్లకుము; నీకున్ = నీ కొరకు; మూడు గంటల పొద్దు వరకు = (వివాదగ్రస్తము; విశేషాంశములు చూడుడు); కాఫి = స్క్రీన్ అడుగున గడియారం పక్కన కప్పు బొమ్మగా కనబడు అవేక్‌ను; పోసితిని = క్లిక్ చేసితిని; తెరను = డిస్‌ప్లేను; మూసినన్ = ఆర్పివేసినను; ఏమాయెన్ = నష్టమేమి?; దేహము + ఎల్లన్ = ప్రాసెసరు, ర్యాము, డిస్కు మొదలైన అంగములన్నియు; మేలుకొని + ఉండి = జాగరణ చేసి; ఫైలును = ఫోటోలుగా ఉన్న పుటల కట్టను; మింగవలయున్ = ఆఖరి పేజీ దాకా చదివి ముగింపవలెను.

తాత్పర్యం

ఓ ల్యాప్‌టాపా! నేను కీబోర్డు ముట్టుకోవడం లేదని నాకు పని లేదనుకోకు. స్క్రీన్ ఆర్పుకుంటే ఆర్పుకో, లోపలి పని మాత్రం ఆపకు. ఎంతసేపు మేలుకోవాలో ముందే చెప్పాను. ఆ గడువు తీరాక నీ ఇష్టం.

విశేషాంశాలు

1. నిదుర పోబోకు. ఇక్కడ పూర్వపక్షం: ప్రాసెసరు పొగలు కక్కేలా పనిచేస్తున్న యంత్రానికి నిద్ర ఎలా వస్తుంది? ఉపవాసం ఉన్నవాణ్ని అతిగా తినొద్దన్నట్టు, ఈ నిషేధం వ్యర్థం కదా? సమాధానం: వ్యర్థం కాదు. ఎంతసేపు ఖాళీగా ఉన్నామో లెక్కపెట్టే గడియారం ఒకటి విండోస్ లోపల ఉంటుంది. మీ వేలు కీని తాకినా, మౌస్ కదిలినా, ఒక విండో నుంచి ఇంకో దానికి మారినా ఆ గడియారం మళ్లీ సున్నాకు వస్తుంది. ప్రాసెసరు, డిస్కు ఎంత కష్టపడుతున్నా ఆ లెక్కలోకి రావు. అంటే యంత్రం పనిని యంత్రమే పనిగా గుర్తించదు. మనిషి చేతిని చూసి తన స్థితి నిర్ణయించుకుంటుంది. కవి ‘నేను’ అని ఎక్కడా అనకుండా ‘పోసితిని’ అనే క్రియలో తనను దాచుకోవడంలోని ఔచిత్యం ఇదే: చెయ్యి తీసేసినా చెయ్యి ఉన్నట్టే చూడమని కోరుతున్నాడు.

2. ఏ నిద్ర? ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా సంస్థలు కలిసి 1996లో ఏసీపీఐ అనే ప్రమాణం వెలువరించి, యంత్రాల అవస్థలకు ఎస్0, ఎస్1 అంటూ వరసగా పేర్లు పెట్టాయి. ఎస్0 జాగ్రదవస్థ. ఎస్3 సుషుప్తి: ర్యాముకు కాస్త కరెంటు అందుతుంటుంది, తక్కిన ఒళ్లంతా చల్లబడుతుంది. ఎస్4లో జ్ఞాపకాలన్నీ డిస్కు మీద రాసిపెట్టి కరెంటుతో బంధం తెంచుకుంటుంది. హైబర్నేట్ అనేది దీన్నే. మరి స్వప్నావస్థ ఏది? ఇటీవలి ల్యాప్‌టాప్‌లలో కనిపించే మోడర్న్ స్టాండ్‌బై. స్క్రీన్ నల్లగా ఉంటుంది, లోపల నెట్‌వర్క్ కలలు సాగుతుంటాయి. మూత వేసి సంచిలో పెట్టిన ల్యాప్‌టాప్‌ను రెండు గంటల తర్వాత తీస్తే వెచ్చగా తగిలి, బ్యాటరీ సగానికి పడిపోయి ఉండటం ఆ కలల ఫలమే. కవి ఈ భేదాలన్నీ ఎరిగే, ఏదీ విడిగా పేర్కొనక ‘నిదుర’ అని ఏకవచనంతో అన్నిటినీ నిషేధించాడు.

3. కాఫి పోసితిని. మేలుకొలుపు సాఫ్ట్‌వేర్లలో రెండు సంప్రదాయాలున్నాయి. మొదటిది విన్నప సంప్రదాయం. అవేక్ ఈ కోవలోది. అది లోపల కూర్చుని, ‘నాకు ఈ యంత్రంతో పని ఉంది, నిద్రపుచ్చవద్దు’ అని విండోస్‌కు పద్ధతిగా అర్జీ పెట్టుకుంటుంది. రెండవది నటన సంప్రదాయం. కెఫీన్ అనే ఒక చిన్న ప్రోగ్రాం ఉంది. అది 59 సెకన్లకొకసారి ఎఫ్15 కీ నొక్కినట్టు నటిస్తుంది. మామూలు కీబోర్డులో ఎఫ్12 తో వరస ముగుస్తుంది కనుక, లేని కీని లేని వేలితో నొక్కడమన్నమాట! మౌస్‌ను అటూ ఇటూ ఊపే పరికరాలూ ఈ శాఖలోవే. యంత్రాన్ని మోసగిస్తే అది పట్టించుకోకపోవచ్చు గాని యజమానులు పట్టించుకుంటారు. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు 2024లో కీబోర్డు మీద పని చేస్తున్నట్టు భ్రమ కల్పించారన్న ఆరోపణతో డజనుకు పైగా ఉద్యోగులను ఇంటికి పంపింది. మన కవి తాను పోసిన కాఫీని దాచుకోలేదు, పద్యమే చెప్పాడు. కనుక అతడు మొదటి సంప్రదాయానికి చెందినవాడని తేలుతోంది.

4. మూడు గంటల పొద్దు వరకు. మూడు గంటల పాటు అని కొందరు, తెల్లవారుజాము మూడు గంటలకు అని కొందరు. అవేక్‌లో ఈ రెంటికీ వేరువేరు వరుసలున్నాయి: ఇన్ని గంటలూ నిమిషాలూ అని చెప్పేది ఒకటి, ఫలానా తేదీ ఫలానా వేళ అని చెప్పేది మరొకటి. రాత్రి పన్నెండింటికి క్లిక్ చేసినవాడికి రెండర్థాలూ ఒకటే. పదింటికి క్లిక్ చేసినవాడికి రెండు గంటల తేడా. కాబట్టి కవి అర్ధరాత్రి దాకా మేలుకున్నవాడని ఊహించడం ఉచితం. అసలు కాలనిర్దేశమే వద్దనే మూడో పక్షం కూడా ఉంది: గడువును గడియారానికి గాక ఓసీఆర్ ప్రోగ్రాంకే ముడివేస్తే, అది ముగిసిన క్షణాన అవేక్ కూడా లేచిపోతుంది. ఆ సౌకర్యం అవేక్‌లో ఉంది. ఈ పక్షమే బలమైనది. ఛందస్సులో ఇమడక కవి వదిలాడు.

5. తెరను మూసిన నేమాయె? ఇక్కడ అర్థం తప్పితే ఇల్లు మునుగుతుంది. తెర ఆరిపోవడం వేరు, మూత మూయడం వేరు. స్క్రీన్ వెలిగి ఉండాలన్న ఐచ్ఛికాన్ని పెట్టుకోకపోతే తెర ఆరుతుంది, పని సాగుతుంది. మూత దించితే మాత్రం అది యజమాని స్వయంగా ఇచ్చిన ఆజ్ఞ అవుతుంది. ఏ అర్జీ అయినా యంత్రం దానంతటది నిద్రపోవడాన్ని ఆపగలదే గాని, మనిషి పడుకోబెడితే అడ్డుపడలేదు. మూత పని మార్చాలంటే విండోస్ పవర్ సెట్టింగ్స్‌కే వెళ్లాలి. ‘మూతను మూసిన’ అని పాఠం దిద్దినవారు పురాణాన్ని మళ్లీ ప్రథమాశ్వాసంలోనే ఆపుకున్నారని గ్రహించాలి.

పాఠాంతరాలు

మ్యాక్ ప్రతిలో పద్యమంతా ఒక్క మాటకు కుదించి ఉంది: కెఫినేట్. 2012 నాటి మౌంటెన్ లయన్ నుంచి ఈ కమాండ్ యంత్రంతోనే వస్తుంది. దానికి కాలం సెకన్లలో చెప్పాలి గనుక ‘మూడు గంటల’ అనే చోట ‘పదివేల ఎనిమిది వందల’ అని చదువుకోవాలి. గణాలు చెడతాయి, పని చెడదు. లినక్స్ ప్రతిలో సిస్టమ్‌డీ ఇన్‌హిబిట్ అనే పాఠం ఉంది. దాని వెనుక చేయవలసిన పని పేరు రాస్తే, ఆ పని ఉన్నంతసేపే జాగరణ.

ఛందోఽలంకారాలు

తేటగీతి. ‘నిదుర – నీకు’, ‘పోసి – పొద్దు’, ‘తెర – దేహ’, ‘మేలు – మింగ’ అని యతి చెల్లింది. యంత్రానికి విశ్రాంతి వద్దన్న పద్యంలో కూడా పాదానికొక విశ్రాంతి తప్పకపోవడం చమత్కారం. అచేతనానికి నిద్రా, ఆకలీ ఆరోపించడం సమాసోక్తి అని కొందరంటారు. ఏసీపీఐ చదివినవారు ఇది స్వభావోక్తి అంటారు.

ఆక్షేప సమాధానాలు

సెట్టింగ్స్‌లో స్లీప్ ఎదురుగా ‘నెవర్’ అని పెడితే పోయేదానికి ఇంత కాఫీ దేనికని ఆక్షేపం. ‘నెవర్’ నిత్యవ్రతం. పట్టడం తేలిక, పట్టామన్న సంగతి మరుపుకు వస్తుంది. ఆపైన ఎప్పుడో ఊరెళ్లినప్పుడు గదిలో ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. కాఫీ నైమిత్తికం. దానికి కర్తా, గడువూ ఉన్నాయి. అర్జీ పెట్టినవారి పేరు కూడా నమోదై ఉంటుంది: అడ్మినిస్ట్రేటర్ హోదాతో కమాండ్ విండో తెరిచి పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ రిక్వెస్ట్స్ అని కొడితే, డిస్‌ప్లే, సిస్టమ్ అన్న శీర్షికల కింద యంత్రాన్ని ఎవరెవరు మేలుకొలుపుతున్నారో జాబితా వస్తుంది. రాత్రంతా ల్యాప్‌టాప్ ఎందుకు పడుకోలేదని విసుక్కునేవారు ముందు చూడవలసింది అక్కడ. మూయడం మరిచిన వీడియో ట్యాబో, తెగని ఆడియో ధారో దొరుకుతుంది.

ఇక, మేలుకొమ్మని పద్యం చెప్పినవాడు పడుకొమ్మని ఎందుకు చెప్పలేదన్నది ఆఖరి శంక. అవేక్ గడువు తీరగానే అర్జీ దానంతటదే రద్దవుతుంది. పాత పవర్ సెట్టింగులు ఎక్కడివక్కడే ఉంటాయి, ఎందుకంటే అది వాటిని అసలు ముట్టుకోలేదు. అందుచేత జోలపాట అక్కర్లేదు, నాలుగు పాదాలు చాలు.