కాలు కింద పెట్టకుండా...

విశాఖ ద్వారకా నగర్ కుర్రాడికి కొత్త బండి కావాలి. ఎన్‌ఫీల్డ్ హిమాలయన్‌తోనే ఉండాలా, హీరో ఎక్స్‌పల్స్‌కి మారాలా? ఆర్నెల్లుగా టీ కొట్టు దగ్గర ఇదే పంచాయితీ. గ్రౌండ్ క్లియరెన్స్ 230 మిల్లీమీటర్లు లేకపోతే ఎలాగని ఒకడు, 220 చాలదా అని ఇంకొకడు. తిరిగేది మాత్రం డైమండ్ పార్కు నుంచి ఆర్టీసీ కాంప్లెక్సు దాకా!

బండి మీద రాళ్లూ గుట్టలూ ఎక్కే ట్రయల్స్ పోటీల్లో కాలు నేలకానితే పెనాల్టీ పాయింటు. అక్కడా బ్రాండ్ మార్చినవాడున్నాడు: స్పెయిన్ వీరుడు టోనీ బౌ 2007లో బీటా బండి వదిలి మోంటెసా ఎక్కాడు. అప్పట్నుంచి 2024 దాకా ఏటా ప్రపంచ టైటిల్ అతనిదే. ఏదీ, అతన్ని సాయంత్రం ఆరింటికి కాంప్లెక్సు ముందు బండి నడపమనండి! ఆటోలకూ సిటీ బస్సులకూ మధ్య రెండు కాళ్లతో తోసుకుంటూ పోవాల్సిందే.

బ్రాండ్ సంగతి తర్వాత బాబూ, ముందు గట్టి చెప్పులు కొనుక్కో!