టేపుగారు

మా కోనసీమలో దారిన పోయేవాణ్ణి ఆపి "నీకు కొవ్వెంత?" అని అడిగితే జవాబు నోటితో రాదు, చేత్తో వస్తుంది. ఖఫ్జీలో మా టేపుగారు ఇదే ప్రశ్న వారానికి పదిమందిని అడుగుతాడు. ఇంతవరకూ ఒక్కడూ చెయ్యి చేసుకోలేదు. పైగా మెస్సులో పళ్లెం పక్కన పెట్టి, చొక్కా పైకెత్తి, "చూడండి గురువుగారూ" అంటూ ఊపిరి బిగబట్టి నిలబడతారు. కొవ్వు పట్టిందనడం ఊళ్లో తిట్టు. ఇక్కడ అది దశాంశంతో సహా చెప్పుకునే లెక్క.

ఖఫ్జీ ఎక్కడుందో మా అమ్మకి చెప్పడానికి నాకు రెండు వెకేషన్లు పట్టింది. సౌదీకి ఈశాన్యపు కొస, సముద్రం ఒడ్డు, అని ఎంత చెప్పినా ఆవిడకి ఆనలేదు. "కువైట్ సరిహద్దు పక్కనే" అన్నాక మొహం వెలిగింది. మా వీధిలో కువైట్ వెళ్లొచ్చిన అత్తలూ పిన్నులూ నలుగురున్నారు మరి. "అలా చెప్పు, మనవాళ్ల పక్కనే" అంది.

టేపుగారి అసలు పేరు ఇకామా కార్డులో ఉంది, జనం నోట్లో లేదు. తెలుగువాళ్లు పదిమంది చేరిన ప్రతి క్యాంపులోనూ ఇలాంటి మనిషి ఒకడు తప్పనిసరి. ఒకచోట బీపీ మిషను పెట్టుకుని అందరి చేతులకీ పట్టీ చుట్టేవాడు, ఇంకోచోట షుగరు సూది పట్టుకుని వేళ్ల వెంటపడేవాడు. డాక్టరు కాడు, కాంపౌండరూ కాడు. సాయంత్రం ఆరు నుంచి నిద్రపోయేదాకా ఏం చెయ్యాలో తెలియని పెద్దమనిషి. పేకాట రాదు. ఇంటికి ఫోను చేస్తే పావుగంటలో అప్పుల దగ్గర ఆగిపోతుంది. మిగిలిన టైములో పక్కవాడి ఒళ్లు కనిపిస్తుంది.

మా టేపుగారు క్యూసీ ఇన్‌స్పెక్టరు. గొట్టం మీద కాస్త జెల్ రాసి, అల్ట్రాసోనిక్ గేజు ఆనించి, లోహం మందం ఎంతుందో చెప్పడం ఆయన డ్యూటీ. గొట్టం పలచబడితే తుప్పు తింటోందని రిపోర్టు రాస్తాడు. డ్యూటీ దిగాక అదే బెంగ తిరగబడుతుంది: మనిషి మందమైతే రిపోర్టు. పగలు బెల్టుకి ఇనప టేపు, రాత్రి మెడలో దర్జీ టేపు. క్యాలిబ్రేషన్ స్టిక్కరు లేని పరికరాన్ని ముట్టడు. దర్జీ టేపుక్కూడా ఇనప టేపు పక్కన సాగదీసి చూసి, వెనక స్టిక్కరు అంటించాడు: పరీక్షించిన తేదీ, మళ్లీ పరీక్ష తేదీ. "గుడ్డ టేపు సాగుతుంది బ్రదర్. సాగిన టేపు నీ పొట్టని తక్కువ చూపిస్తుంది. నువ్వు సంతోషిస్తావు, నీ గుండె సంతోషించదు."

బరువు తూచుకుని "నేను బానే ఉన్నా" అనేవాడంటే ఆయనకి జాలి. బీఎంఐ మాటెత్తితే మరీ జాలి. బరువుని ఎత్తు వర్గంతో భాగించే ఆ లెక్క బెల్జియం గణితవేత్త క్వెటెలెది, 1830ల నాటిది. 1972లో ఆన్సెల్ కీస్ అనే అమెరికన్ దానికి బీఎంఐ అని పేరు పెట్టాడు. "డబ్బా బరువెంతో చెబుతుంది. డబ్బాలో పప్పెంతో, నెయ్యెంతో చెప్పదు" అని తీసిపారేస్తాడు.

దీనికి బలయినవాడు మా శ్రీకాకుళం రిగ్గరు. తాటిమట్టల్లాంటి చేతులు, కొంగ కాళ్లు, మధ్యలో మాత్రం బోర్లించిన కుండ. "నాకేటి కొవ్వు గురువుగారూ, ఎముకలు లెక్కెట్టొచ్చు" అన్నాడు పాపం. టేపుగారు మంచం మీద బాసింపట్టు వేసుకుని యాజ్ఞిక్ పురాణం ఎత్తుకున్నాడు. పుణె డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ ప్రొఫెసరు యుడ్‌కిన్, ఇద్దరూ పక్కపక్కన నిలబడి తీయించుకున్న ఫొటో 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు చూస్తే దొరగారికి 9.1 శాతం, మనవాడికి 21.2. "చూడ్డానికి బక్క, లోపల వెన్న. మన జాతే అంత బ్రదర్." రిగ్గరు తన చేతులకేసి ఓసారి, పొట్టకేసి ఓసారి చూసుకున్నాడు. ఆ రాత్రి రెండు ఖుబూస్ రొట్టెలతో లేచిపోయాడు. మామూలుగా నాలుగు.

టేపుగారికి ఇష్టమైన పద్ధతి అమెరికా నేవీది. 1984లో హాడ్జ్‌డన్, బెకెట్ అని ఇద్దరు కట్టిన సూత్రం. మగాడికి ఎత్తు, మెడ, బొడ్డు దగ్గర చుట్టుకొలత, ఈ మూడూ ఉంటే చాలు. చుట్టుకొలతలోంచి మెడ తీసేసి, దానికో లాగరిథమ్, ఎత్తుకో లాగరిథమ్ కట్టి, ఒకదాంట్లోంచి ఒకటి తియ్యాలి. ఇంటర్లో లెక్కలు పోయినందుకే ఎడారికి వచ్చిన వాళ్లం, లాగరిథమ్ అనగానే మాకు చెమటలు పట్టాయి. ఆయన ఫోను తీసి టకటకా నొక్కాడు. నాది ఎత్తు 67 అంగుళాలు, మెడ 15, బొడ్డు దగ్గర 38. "ఇరవయ్యారు శాతం" అన్నాడు. కోర్టులో తీర్పు చదివినట్టుంది.

ఈ సూత్రంలో ఒక లొసుగుంది, దాన్ని కనిపెట్టడానికి మావాళ్లకి వారం కూడా పట్టలేదు. మెడ లావైతే కొవ్వు తగ్గుతుంది! అంతే, కొలిచే వేళకి ప్రతివాడూ కోడిపుంజులా మెడ ఉబ్బించడం మొదలెట్టాడు. నేనూ ఉబ్బించాను, అబద్ధం ఎందుకు. మెడ అంగుళం పెరిగింది, కొవ్వు ఇరవై నాలుగు చిల్లరకి దిగింది. పొట్ట రెండంగుళాలు లోపలికి లాక్కుంటే ఇంకో మూడున్నర శాతం రాలేది, కానీ మెడ ఉబ్బించడమూ పొట్ట పీల్చడమూ ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. ఊపిరి ఎటుంచాలో తెలియక దగ్గొచ్చేసింది.

అసలు గొడవ నడుం ఎక్కడ అన్నదాని మీద. మా కడప డ్రైవరు ప్యాంటు సైజు ముప్పైనాలుగు, పెళ్లైన కాడి నుంచీ అదే. ప్యాంటు మాత్రం ఏడాదికో అంగుళం కిందికి జారుతూ వచ్చింది. పొట్ట బెల్టు మీద గొడుగు పట్టింది. "నా నడుము ముప్పైనాలుగప్పా, ప్యాంటు మీద రాసుండాదిగదా" అని ఆయన వాదన. టేపుగారు దీన్ని ఖఫ్జీ చరిత్రతో తేల్చాడు. ఈ చోటు ఒకప్పుడు సౌదీకీ కువైట్‌కీ మధ్య తటస్థ మండలం. 1922లో ఉఖైర్‌లో గీసిన ఏర్పాటు. తర్వాత 1965లో ఒప్పందం చేసుకుని నేల చెరోవైపు పంచుకున్నారు గానీ, చమురు రాబడి సగం సగమే. "నీ బొడ్డు చుట్టూ ఉన్నది తటస్థ మండలం. పైభాగం ఛాతీది, కిందిది నడుముదని నువ్వు ఎంత గీత గీసుకున్నా సరే, అందులో ఉన్న నిల్వ మొత్తం నీదే. టేపు బొడ్డు మీదే పడాలి." పడింది. నలభై రెండు. డ్రైవరు రెండ్రోజులు ఆయన్ని బండి ముందు సీట్లో కూచోనివ్వలేదు.

ఇక్కడే మా సీనియర్లు జపాన్‌వాళ్ల సంగతి తెస్తారు. ఖఫ్జీ సముద్రంలో 1960లో చమురు పట్టింది జపాన్ వాళ్ల అరేబియన్ ఆయిల్ కంపెనీ. సౌదీ వైపు వాళ్ల ఒప్పందం 2000లో అయిపోయింది. 2008 నుంచి జపాన్ తమ దేశంలో నలభై దాటినవాళ్ల నడుములు ఏటా కొలవడం మొదలెట్టింది, మగవాళ్లకి 85 సెంటీమీటర్లు గీత. మనబోటివాళ్లకి డాక్టర్లు 90 దాకా ఇచ్చారు. ఒప్పందం ఇంకో పదేళ్లు సాగి ఉంటే మా టేపుగారికి ప్రమోషన్ వచ్చేదని కడప డ్రైవరు ఇప్పటికీ దెప్పుతాడు.

కాలిపర్ సంగతి చెప్పాలి గానీ ఎక్కువ చెప్పను, తలుచుకుంటే తొడ మండుతుంది. చర్మాన్ని మడత పట్టి ఆ మందం కొలవడం. జాక్సన్, పొల్లాక్ 1978లో మగవాళ్లకి ఛాతీ, పొట్ట, తొడ అని మూడు చోట్లు చెప్పారు. సరైన కాలిపర్ చదరపు మిల్లీమీటరుకి పది గ్రాముల ఒత్తిడితో పట్టుకుంటుందట. ఆన్‌లైన్‌లో చెప్పిన ప్లాస్టిక్‌ది వచ్చేలోపు టేపుగారు ఆగలేక వెర్నియర్ పెట్టాడు. వెర్నియర్‌కి దయాదాక్షిణ్యాలు లేవు, ఎంత నొక్కితే అంత సన్నగా చూపిస్తుంది. నొక్కేది ఆయన, అరిచేది మేము. పక్క రూము పాకిస్తానీ ఎవరో కొట్టుకుంటున్నారనుకుని వచ్చి తలుపు బాదాడు.

తర్వాత కాటా వచ్చింది. గాజు పలక, నాలుగు మెరిసే రేకులు, వట్టి కాళ్లతో ఎక్కితే బరువూ కొవ్వూ రెండూ చెబుతుంది. మనకి తెలియనంత చిన్న కరెంటు ఒక కాల్లోంచి ఎక్కి ఇంకో కాల్లోంచి దిగుతుంది. కండలో నీళ్లున్నాయి కాబట్టి దారిస్తుంది, కొవ్వు అడ్డుపడుతుంది. ఆ అడ్డుని బట్టి లెక్క. గుండెలో పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఎక్కకూడదని టేపుగారు పెట్టె మీది మాట చదివి వినిపించాడు. పంతొమ్మిది లీటర్ల నీళ్ల డబ్బా ఎక్కించి క్యాలిబ్రేషన్ చేశాడు. డబ్బాకి కాళ్లు లేవు కాబట్టి కొవ్వు చెప్పలేదు, అదొక్కటే బతికిపోయింది.

మా జగిత్యాల పెద్దాయన ఎక్కితే కాటా కూడా నోరు మూసుకుంది. ఇరవయ్యేళ్లు స్కాఫోల్డింగ్ ఎక్కి దిగిన పాదాలు, పగుళ్లలో రూపాయి బిళ్ల నిలబడుతుంది. కరెంటుకి సందు దొరకలేదు. కాళ్లు తడిపి ఎక్కించాల్సి వచ్చింది. ఇక మిగిలిన మాకు, పొద్దున ఇరవై నాలుగున్నది సాయంత్రానికి ఇరవయ్యేడైంది. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు వరకూ ఎండలో పని చేయించకూడదని ఇక్కడ రూలుంది. మిగతా గంటల ఎండ చాలు మనిషిని వడియం చెయ్యడానికి. ఒంట్లో నీళ్లు తగ్గితే కాటా దాన్ని కొవ్వు కిందే జమకడుతుంది. చెమటోడ్చి పనిచేస్తే కొవ్వు పెరిగిందనే మిషన్ని మేస్త్రీలెవరైనా నమ్ముతారా? అంతలో రిగ్గరు ఓ బటను కనిపెట్టాడు, అథ్లెట్ అని. నొక్కి ఎక్కితే అయిదారు శాతం అక్కడికక్కడే మాయం. ఆ వారం మా రూములో అందరం అథ్లెట్లమే. శుక్రవారం బిర్యానీ కూడా అథ్లెట్లలాగే తిన్నాం.

ఇంత జరిగినా టేపుగారు చెప్పిన ఒక మాట నాకు నచ్చింది. "చవక పద్ధతి అబద్ధమాడితే ఆడనీ బ్రదర్. రోజూ ఒకే అబద్ధమాడాలి, అంతే. అదే టేపు, అదే చోటు, పొద్దున్నే పరగడుపున. నెల తర్వాత అబద్ధం పెరిగిందా, తగ్గిందా చూసుకో." మా క్యాంపులో డాక్టర్లు చెప్పినవాటికంటే ఇది పనికొచ్చింది.

అక్కడితో ఆగితే ఆయన టేపుగారెందుకవుతాడు? ఎక్కడో చదివాడు, నీళ్లలో ముంచి కొలవడమే అసలు సిసలు పద్ధతి అని. ఆర్కిమెడిస్ సూత్రం. ఒంటి సాంద్రత తెలిస్తే సిరి అనే ఆయన 1961లో ఇచ్చిన లెక్క ఉంది: 495ని సాంద్రతతో భాగించి 450 తీసెయ్యాలి. నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము బాత్రూములోకి దొర్లించుకొచ్చాడు. దాన్ని మెస్సు టబ్బులో నిలబెట్టి, అంచు దాకా నీళ్లు నింపాడు. ఖఫ్జీలో సముద్రపు నీటిని మంచినీళ్లు చేసే పెద్ద ప్లాంటుంది, సోలారు కరెంటుకి జతచేసి కట్టారు, రోజుకి 60,000 ఘనమీటర్లని చెప్తారు. మా క్యాంపుకి మాత్రం ట్యాంకరే గతి, అదీ రోజు విడిచి రోజు.

రిగ్గర్ని ఎంచుకున్నాడు, డ్రమ్ములో పట్టేవాడు వాడొక్కడే కాబట్టి. "ఊపిరి మొత్తం వదిలెయ్. ఎంత వదిలినా లీటరు పైన లోపల మిగులుతుంది, అది నేను లెక్కలో చూసుకుంటా." వాడు దేవుణ్ణి తలుచుకుని బుడుంగున మునిగాడు. నీళ్లు పొర్లాయి. టబ్బులో పడినవి కొన్ని, తూములోకి పోయినవి కొన్ని. టబ్బులోవి లబన్ మజ్జిగ సీసాలతో కొలిచి, లోపల మిగిలిన ఊపిరి లెక్క తీసేస్తే అరవై లీటర్లు. రిగ్గరు బరువు 66.6 కిలోలు. సాంద్రత 1.11. టేపుగారు ఫోను మూడుసార్లు నొక్కాడు. నాలుగోసారి నా ఫోను అడిగాడు. అన్నిట్లోనూ ఒకటే జవాబు: మైనస్ నాలుగు శాతం.

"మైనస్ అంటే ఏటి గురువుగారూ?" అన్నాడు రిగ్గరు వణుకుతూ, తువ్వాలు చుట్టుకుని.

"ఉండాల్సిన దానికంటే... అంటే, లేనిదానికంటే ఇంకా..."

"ఏజెంటుకి లచ్చన్నర బాకీ ఉన్నాను. ఇప్పుడు కొవ్వు కూడా బాకీయేనా?"

మూడున్నర లీటర్లు తూములోకి పోయినందుకే లెక్క తప్పిందని తేలింది. డ్రమ్ము నిండా ట్యాంకరు నీళ్లు వాడేశామని తెలిసేసరికి పక్క రూములవాళ్లు బకెట్లు పట్టుకుని వచ్చేశారు. మర్నాడు సాయంత్రం దాకా స్నానాల్లేవు. ఆ గొడవలో జగిత్యాల పెద్దాయన ఒక్కడే నింపాదిగా మంచం మీద కూచుని బీడీ వెలిగించాడు.

"గీ డ్రమ్ములు, మిషన్లు ఎందుకయ్యా. నా మొలతాడు సూడు. బిగుసుకుంటే నెలరోజులు బువ్వ తక్కువ తింట. వదులైతే ఇంటికి ఫోన్ జేసి పైసలు సరిపోతున్నయా అని అడుగుత. గంతే."

మేము నవ్వాం. టేపుగారు నవ్వలేదు. మొలతాడుకి దగ్గరి చుట్టం ఒకటుందని ఆయనకి తెలుసు: మనిషి నడుం ఎత్తులో సగం దాటకూడదని. 2022లో బ్రిటన్ ఆరోగ్య సంస్థ నైస్ కూడా ఇదే చెప్పింది. శాతం చెప్పదు, ప్రమాదం చెబుతుంది. టేపూ అక్కర్లేదు, అంకెలూ అక్కర్లేదు. ఎత్తుకి సరిపడా సుతిలి తెంపి, రెండు మడతలు పెట్టి, నడుముకి చుట్టడమే. కొసలు కలిశాయా, సరే.

పెద్దాయనకి కలిశాయి, పైన రెండు వేళ్లు మిగిలింది. రిగ్గరుకి అంగుళం తక్కువ. నాకు, డ్రైవరుకి, ఎందుకులెండి. అప్పుడు పెద్దాయనకే తట్టింది, ఇన్నాళ్లూ మాకెవరికీ తట్టని ప్రశ్న.

"గురువుగారూ, మీదెంత?"

రూము నిశ్శబ్దమైంది. ఏడాదిన్నర నుంచి మా అందరి ఒళ్లూ ఆయన నోట్‌బుక్కులో ఉన్నాయి, ఆయన పేజీ లేదు. "ఇన్‌స్పెక్టర్ని ఎవరూ ఇన్‌స్పెక్ట్ చెయ్యరు బ్రదర్" అని గుమ్మం వైపు రెండడుగులు వేశాడు. డ్రైవరు తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. మెడ ఉబ్బించే వీల్లేదు, అథ్లెట్ బటను లేదు. మడమ నుంచి నడినెత్తి దాకా సుతిలి పట్టాం, మడత పెట్టాం, చుట్టాం. రెండు కొసల మధ్య నాలుగు వేళ్ల ఖాళీ.

టేపుగారు ఆ ఖాళీకేసి చాలాసేపు చూశాడు. తాడు గుంజాడు. వేళ్లతో నలిపాడు. దీపం దగ్గరికి తీసుకెళ్లి చూశాడు.

"ఈ సుతిలికి క్యాలిబ్రేషన్ ఎప్పుడైంది?" అన్నాడు.

పొద్దున లేచేసరికి సుతిలి గోడ మేకుకి వేలాడుతోంది. కొసన ఎర్ర స్టిక్కరు, ఆయన దస్తూరీ: 'వాడరాదు. పరీక్ష బాకీ.' కింద వేసిన తేదీ, ఆయన వెకేషన్‌కి ఊరెళ్లి తిరిగొచ్చే తేదీ.