అలుగు పారుతున్న మిద్దెలు

1930 నాటి వైరా జలాశయం అలుగు పారాలంటే గట్టి వాన పడాలి. మన మిద్దె మీది ట్యాంకుకు ఆ ఇబ్బంది లేదు. మోటారు కట్టేయడం మరిస్తే చాలు, మండు వేసవిలోనూ అలుగే! అవతల చివరి ఆయకట్టు రైతు కాలువ వంక ఎదురుచూస్తుంటాడు. ఇవతల నల్లా విప్పి సిమెంటు వాకిలికి తడి పెడుతుంటాం, నారు పోస్తామేమో మరి!

పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లని మిషన్ భగీరథ తాగునీటి పథకం లెక్క. అందులో కారు స్నానం వాటా ఎంతో రాయలేదు పాపం. మల్లెపాదుకు బియ్యం కడిగిన నీళ్లు పోయమంటే నామోషీ, మిట్టమధ్యాహ్నం పైపు పెట్టి ఎండకు తాగించడం దర్జా. ఇంకుడు గుంతకు జాగా లేదంటాం. రెండో బోరుకు మాత్రం ఎలాగో దొరుకుతుంది. బోర్లకు పగ్గం వేసే వాల్టా చట్టం 2002లోనే వచ్చిందట. బోరు వేసేటప్పుడు దాన్ని ఎవరూ లేపకండి, నిద్ర పాడవుతుంది!