బందరు ఈఈజీ మిషన్ చెప్పుకున్న కథ

నేను ఈఈజీ మిషన్‌ని. బందరులో ఒక పిల్లల ఆసుపత్రిలో ఉంటాను. 1924లో జర్మనీ డాక్టరు హాన్స్ బెర్గర్ మనిషి మెదడులోని విద్యుత్తును మొదటిసారి గీతలుగా గీయించాడు. నా వంశం ఆయనతో మొదలైంది. గుడివాడ నుంచీ దివిసీమ నుంచీ పిల్లలు వస్తారు. నా వైర్లను పేస్టుతో వాళ్ల తలకు అంటిస్తారు. నూనె ఉంటే అంటుకోవు. అందుకే ముందురోజే చెప్తారు: "తలస్నానం చేయించి తీసుకురండమ్మా, రాత్రి ఎక్కువసేపు నిద్రపోనివ్వకండి."

నాగాయలంక తల్లి ఒకామె మూడేళ్ల కొడుకును అలాగే తెచ్చింది. మోపిదేవి, చల్లపల్లి దాటి బందరు చేరేదాకా బస్సులో వాణ్ణి కునుకు తియ్యనివ్వలేదట. వాడికి మాటల్లేవు. పిలిస్తే తిరిగి చూడడు. ఉన్నట్టుండి కళ్లు తేలేసి తల వాల్చేస్తాడు. "వాళ్ల నాన్నకూ మాటలు ఆలస్యమే. రోజూ వస నాకిస్తూనే ఉన్నాం" అంది నాయనమ్మ. ఆ నమ్మకంతోనే ఏడాదిన్నర గడిచిపోయింది.

మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్నాయి. రెండు కణాల కలయిక దగ్గర ఉండే సందు సుమారు 20 నానోమీటర్లే. గ్లుటమేట్ అనే రసాయనం ఆ సందు దాటితే అవతలి కణం చురుకవుతుంది, గాబా అనే మరో రసాయనం దాటితే నెమ్మదిస్తుంది. దించాల్సిన వేళకు తూము తలుపు దించకపోతే చేను మునిగినట్టే, గాబా పని చాలకపోతే వేల కణాలు ఒక్కసారే రేగుతాయి; మూర్ఛ వచ్చేది ఇలాగే. అప్పుడు నా తెర మీద మొనదేలిన గీతలు లేస్తాయి. ఆ బాబు నిద్రపోయాక అవే కనిపించాయి.

పిల్లల్లో ఇలా జరగడానికి కారణాలు ఒకటి కాదు. సిన్‌గ్యాప్1 జన్యువు దెబ్బతింటే ఎలుకపిల్లల మెదడులో ఈ కలయికలు వేళకు ముందే ముదిరిపోతాయి. ఆ జన్యువుకూ పిల్లల మేధో వైకల్యానికీ ఉన్న సంబంధం 2009లో బయటపడింది. బెంగళూరు జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్‌లో దానిమీద పరిశోధన చేస్తున్నారు. షాంక్3 అనే మరో జన్యువు చెడితే కలయికల కట్టుబడే సడలుతుంది.

మూర్ఛను గుర్తించడంలో నేను సాయపడగలను. మాటల్లేకపోవడానికీ పిలిస్తే చూడకపోవడానికీ కారణం ఆటిజమో కాదో మాత్రం నా గీతలు తేల్చలేవు. బిడ్డ ఆటనూ చూపునూ మాటనూ గమనించి డాక్టరే చెప్పాలి. "నీ పెంపకం వల్లే ఇలా అయ్యాడు" అని తల్లులను అనడం ఈ గదిలో చాలాసార్లు విన్నాను. అది పచ్చి అబద్ధం.

మూర్ఛకు మందులున్నాయి. మాటకూ నడవడికకూ శిక్షణ ఉంది. చిన్నతనంలో మెదడు కొత్త కలయికలను చురుగ్గా కట్టుకుంటుంది గనుక ఆ శిక్షణ ఎంత ముందు మొదలైతే అంత మేలు. ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే బిడ్డ తిరిగి చూడకపోతే, పదహారు నెలలకు ఒక్క మాటైనా రాకపోతే ఆగకండి. అంగన్‌వాడీలో గానీ ఆశా కార్యకర్తకు గానీ చెప్పండి. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లల ఎదుగుదలను ఉచితంగానే పరీక్షిస్తున్నారు.