తెల్లకోటు జేబులోంచి

నేను పామ్ ఎం100ని, అరచేతి కంప్యూటర్‌ని. 2000లో అమెరికా దుకాణాలకు వచ్చాను. రెండు మెగాబైట్ల జ్ఞాపకశక్తి, రెండు సన్న బ్యాటరీలు, రాయడానికో ప్లాస్టిక్ పుల్ల, ఇదే నా ఆస్తి. కాకతీయ మెడికల్ కాలేజీలో చదివి అమెరికాలో స్థిరపడిన డాక్టరొకరు, వరంగల్‌లో హౌస్ సర్జన్‌గా చేరిన మేనల్లుడికి నన్ను తెచ్చి ఇచ్చారు. ఏ మందు ఎంత ఇవ్వాలో, దేనితో కలిస్తే ప్రమాదమో చెప్పే ఈపోక్రటీస్ అనే ప్రోగ్రాం 1999లోనే మా జాతిలోకి వచ్చింది.

వరంగల్ పత్తి పండే నేల. పత్తికి కొట్టే పురుగుమందు మింగినవాళ్లను రాత్రిళ్లు క్యాజువాలిటీకి మోసుకొస్తారు. ఆర్గానోఫాస్ఫరస్ విషానికి అట్రోపిన్ ఒక్కసారి ఇస్తే సరిపోదు. ఐదేసి నిమిషాలకోసారి ఛాతీ విని, నాడి చూసి, గురగుర తగ్గకపోతే డోసు రెట్టింపు చేయాలి. మూడు మిల్లీగ్రాములు, ఆరు, పన్నెండు... తెల్లవారుజామున ఆ లెక్క తప్పకుండా ఉండటం ఎంత కష్టమో పక్కనుండి చూశాను. నేను అలారం మోగించేదాన్ని, అతను డోసు నాలో రాసేవాడు. బ్యాటరీలు అయిపోతే రాసిందంతా పోతుంది కాబట్టి కేస్‌షీటులోనూ ఎక్కించేవాడు. ఆ అలవాటు చాలా మంచిది.

"డాక్టరుకు బుర్రలో ఉండాలి, డబ్బాలో కాదు" అని ఒక సీనియర్ అందరి ముందూ మందలించారు. ఆ తరవాత నన్ను జేబులోనే దాచి, మెట్ల దగ్గరికి వెళ్లి చూసుకునేవాడు. నాకు బాధ కలిగింది అందుకే. రోగాన్ని గుర్తుపట్టడం బుర్ర పని, నిజమే. కానీ పసిపిల్లల డోసులో దశాంశ బిందువు కుడికి ఒక్క స్థానం జరిగితే మందు పదింతలవుతుంది. అక్కడ మళ్లీ చూసుకోవడం బాధ్యత.

నన్ను దాచకముందు చూసిన రోగులకు అభ్యంతరం లేదు. "గా డబ్బల ఏం సూస్తున్నరు సారూ?" అని ఒక తల్లి అడిగింది. "బిడ్డ బరువుకు మందు ఎంత పడ్తదో చూస్తున్ననమ్మా" అన్నాడు. "మంచిగ సూసి ఇయ్యున్రి" అందామె.

ఇప్పుడతను పాఠాలు చెప్పే డాక్టరు. నా స్థానంలో ఫోన్లు వచ్చాయి. రౌండ్స్‌లో విద్యార్థులచేత వాటిని బయటికి తీయించి, రోగికి చెప్పి మరీ డోసు చూడమంటాడు. రోగుల ఫొటోలు మాత్రం తీయనివ్వడు.

గురువులారా, మీ హౌస్ సర్జన్లను మెట్ల చాటుకు పంపకండి. మంచం పక్కనే, మీ ఎదుటే చూసుకోనివ్వండి.