తలకెంత పడింది?

హెచ్ఐవీ నివారణ పద్దులు చూసే సార్లకు నాదొక సిఫార్సు: రావల్‌కోల్‌ను జాబితాలోంచి కొట్టేయండి. తలసరి ఖర్చు ఇట్టే దిగిపోతుంది.

మేడ్చల్‌లో 44వ నంబరు జాతీయ రహదారి పక్కన టెంటు వేసి, మైకు పెట్టి, నిరోధ్‌లు పంచితే సాయంత్రానికి రిజిస్టరు నిండుతుంది. అదే రావల్‌కోల్‌ ఊళ్లోకి రావాలంటే ఆటో మాట్లాడుకోవాలి. అద్దెగదుల్లో ఉండే కూలీలు షిఫ్టు దిగేదాకా కాచుకోవాలి. "నాకెందుకు సార్ పరీక్ష, నేను అసుంటోణ్ని కాదు" అనే మనిషికి చాయ్ తాగించి నచ్చజెప్పాలి. ఆ చాయ్ బిల్లును ఏ ఆడిటరు ఒప్పుకుంటాడు?

పెద్ద ఎత్తున చేయడం మనకు కొత్త కాదు. 2003లో గేట్స్ ఫౌండేషన్ 'ఆవాహన్' అనే హెచ్ఐవీ నివారణ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న ఆరు రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా రాదా అని హోర్డింగులు చూసి రాష్ట్రమంతా బుర్ర గోక్కున్న కాలమది. విస్తరిస్తే ఖర్చు తగ్గే మాట నిజమే. ఒకే డాక్టరు జీతం వందమందికి బదులు వెయ్యిమంది మీద పడుతుంది. ఇందులో వెటకారం లేదు, ఉత్త భాగహారం.

అయితే 2007లో ఆరోగ్య ఆర్థికవేత్త లోర్నా గిన్నెస్ బృందం దక్షిణాది ప్రాజెక్టుల ఖర్చులు తవ్వి, ఈ తలసరి ఖర్చు గీత ఇంగ్లిషు 'యూ'లా దిగి మళ్లీ ఎక్కుతుందా అని అడిగింది. ఎక్కక చస్తుందా! ముందు దొరికేవాళ్లు బస్టాండులోనే దొరుకుతారు. చివరికి మిగిలేది ఫోన్లో బేరం కుదుర్చుకుని, పేరు మార్చుకుని, ఊరి చివర గదిలో ఉండే మనిషి. ఆ అడ్రసు వైరస్‌కు తెలుసు, మన రిజిస్టరుకే తెలీదు.

ఆ తలుపు తట్టగలిగింది పీర్ ఎడ్యుకేటర్ ఒక్కతే, ఎందుకంటే ఆమెదీ అదే బతుకు. పొదుపు మొదలయ్యేదీ ఆమె బస్సు చార్జీ దగ్గరే. ఆ పొదుపును సమీక్షించే సమావేశం మాత్రం ఏసీ హాల్లో జరుగుతుంది. అక్కడి బిర్యానీకి తలసరి లెక్క ఎవరూ కట్టరు.

అసలు పొదుపంటే అమెరికాదే. 2021లో హైదరాబాద్‌లో ట్రాన్స్‌జెండర్ల కోసం తెరిచిన మిత్ర్ క్లినిక్, అమెరికా నిధులు ఆగడంతో 2025లో మూతపడింది. తర్వాత వేరే దాతల సాయంతో తెరుచుకుంది గానీ, ఆ మధ్యకాలంలో తలసరి ఖర్చు సున్నా. ఇంతకంటే సమర్థంగా నడిచిన క్లినిక్ ప్రపంచంలో లేదు.

ఇంతకీ వదిలేసిన మనిషికి సోకితే? భయం లేదు. 2004 నుంచి ఏఆర్‌టీ మందులు సర్కారే ఉచితంగా ఇస్తోంది. జీవితాంతం వాడాలి, అంతే. ఆ ఖర్చు వేరే పద్దు, వేరే ఫైలు. నివారణ సారుకు దాంతో సంబంధం లేదు. తలసరి ఖర్చు తగ్గించినందుకు ఆయన పేరు ఇప్పటికే ప్రమోషన్ల లిస్టులో ఉంది.